కోతికుండలు లేని పండగ

మా ఊరికి పైన కొండ మీద, నాచు కమ్మిన అడవిలో పురుగుల్ని పట్టి తినే కోతికుండల తీగలుండేవి. ఆకుల కొసన వేలాడే ఆ కుండల్ని కోసి, లోపల పడి చచ్చిన పురుగుల్ని కడిగేసి, జిగురుబియ్యం, కొబ్బరిపాలు పోసి ఆవిరి మీద ఉడికిస్తాం. కోతలయ్యాక చేసే పండగలో తాతముత్తాతల పేరు చెప్పి పంచేది ఆ అన్నమే. ఏటా కుండలు కోసుకొచ్చేది మా అన్న సహ్రియాల్, నేను.

పోయిన వానాకాలం కెమెరాలు మెడలో వేసుకుని ఇద్దరు మనుషులొచ్చారు. ఫొటోలు తీసుకుంటామంటే అన్న పైకి తీసుకెళ్లి చూపించాడు. మా ఇంట్లోనే తిన్నారు. నా పనసకాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఈ ఏడు మేం ఎక్కేసరికి ఆ వాలులో ఒక్క తీగ లేదు. నాచు చీరేసి ఉంది. వేళ్లు పెకలించిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. అన్న ఆ తడిలోనే కూలబడ్డాడు.

"వాళ్లేనంటావా?" అన్నాను.

"దారి ఇంకెవరికి తెలుసు? పట్నంలో ఈ తీగల్ని వేలు పోసి కొంటారట" అన్నాడు. "రోస్మానీ, కోతులు పాడుచేశాయని చెప్పవే" అని బతిమాలాడు.

కింద తియామా పిన్ని పొయ్యిల దగ్గర కాచుక్కూర్చుంది. పండగ వంటకి ఆవిడే పెద్ద.

"ఖాళీ బుట్ట ఊపుకుంటూ దిగావేమే? దారిలో నువ్వే మింగేశావా?"

ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. "కోతులు పాడుచేశాయి పిన్నీ" అన్నాను.

నా వెనకే దిగి కట్టెలు చీల్చబోయిన అన్న గొడ్డలి కింద పెట్టాడు.

"కోతులు కాదు పిన్నీ. దొంగలకి దారి చూపించింది నేనే."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిన్ని వెదురు బొంగులు కొట్టుకురమ్మని పక్కింటివాళ్లకి పురమాయించింది. ఆ పని అన్నకి చెప్పలేదు. వెదురులో ఉడికిన అన్నం అందరం తిన్నాం. అన్న విస్తరి ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

అప్పట్నుంచి తెల్లారకుండానే ఒక్కడే బయల్దేరతాడు. అవతలి కొండల్లో ఎక్కడైనా మిగిలాయేమోనని వెతుకుతాడు. మొన్న వానలో నిలువునా తడిసి వచ్చాడు. మోకాలు చీరుకుపోయింది. కాఫీ ఆకుల కషాయం కాచి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

నిన్న తెల్లారకుండానే ఖాళీ బుట్ట తగిలించుకుని మళ్లీ బయల్దేరాడు.