తవుడు పోసి కొన్న బిడ్డ

బిట్రగుంట రైల్వే కాలనీలో వెంకటశేషమ్మ నోటికి జడవనోళ్ళు లేరు. ఆమె కూతురు చెంగమ్మ జోలికి పోతే ఇంక అంతే సంగతులు. ఆ పిల్లేమో ఆమె కన్నది కాదు. నాయుడుపేట కాడ సేద్యం చేసుకునే తమ్ముడికి కవల ఆడపిల్లలు పుడితే, తమ్ముడి పెళ్ళాం ఆదిశేషమ్మ ఒడిలో చేటెడు తవుడు పోసి ఒక బిడ్డను కొనుక్కున్నది. తవుడుకిచ్చిన బిడ్డను మళ్ళీ నాదనకూడదు. తొమ్మిదేళ్ళుగా ఆదిశేషమ్మ అనలేదు కూడా.

అట్టాంటిది పందొమ్మిది వందల అరవై నాలుగులో తమ్ముడొచ్చి వాకిట్లో కూలబడినాడు. వాళ్ళ దగ్గరున్న పెంచలమ్మకు రక్తంలో క్యాన్సరు. మందులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. మద్రాసు డాక్టరు ఆఖరికి ఒక దారి చెప్పినాడంట. కిరణాలు పెట్టి జబ్బు రక్తాన్ని చంపేసి, కవలపిల్ల ఎముకల్లో మూలుగ తీసి ఎక్కించడం. పై దేశాల్లో చేసినారంట, అందరూ బతకలేదంట.

సూదికి కాదు వెంకటశేషమ్మ భయం. రక్తసంబంధం పేరు చెప్పి పిల్లను లాగేసుకుంటారని. తమ్ముణ్ణి నోరారా తిట్టింది. తిట్టుకుంటానే చెంగమ్మకు జడేసి మద్రాసు రైలెక్కించింది. పోకుండా ఎట్టుంటుంది, పసిబిడ్డ ప్రాణం గదా!

ఆసుపత్రిలో డాక్టరు, మూలుగ తీసేదానికి తల్లి ఒప్పుకోవాలన్నాడు. చెంగమ్మది అచ్చం ఆదిశేషమ్మ మొహమే, అందుకని ఆమె వైపే చూసినాడు. ఆదిశేషమ్మ వెనక్కి జరిగింది.

"తల్లి ఆమె సార్. ఆమెనే అడగండి."

వెంకటశేషమ్మ తిట్టడం మర్చిపోయి చెంగమ్మను దగ్గరికి లాక్కున్నది. చెంగమ్మే కొంగు లాగి, తీసుకోమని చెప్పుమా, నాకు మళ్ళీ ఊరతాదంట అన్నది. వెంకటశేషమ్మ తలూపింది.

మత్తు దిగినాక చెంగమ్మ, మూలుగ తీసిన తుంటి పట్టుకోని కుంటుకుంటా పోయి పెంచలమ్మ గది అద్దాల కిటికీ ముందర నిలబడింది. మా చెంగమ్మ కిక్కురుమనలేదని వెంకటశేషమ్మ వార్డంతా తిరిగి చెప్పుకున్నది. తెలుగు రాని అరవ ఆడోళ్ళకు చేతులూపి మరీ చెప్పింది.

కిరణాలు పెట్టి చెంగమ్మ మూలుగ ఎక్కించినాక, పెంచలమ్మకు జుట్టంతా ఊడింది. జ్వరం వదల్లేదు. దేవుళ్ళందరికీ మొక్కుకున్నారు. కొన్ని వారాలకు డాక్టరు నవ్వుకుంటా వచ్చి, కొత్త రక్తం పుడతా ఉందన్నాడు. జబ్బు ఇంక రాదని మాటివ్వలేనుగానీ, ఇప్పుడీ పిల్ల ఒంట్లో పారేదంతా చెంగమ్మ ఇచ్చిన రక్తమే అన్నాడు.

ఆదిశేషమ్మ పెంచలమ్మను ఎత్తుకొచ్చి వెంకటశేషమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఈసారి తవుడు పోయాల్సిన పన్లేదు వదినా. ఇదీ నీ బిడ్డే."

ఆ బోడిగుండును రొమ్ముకు హత్తుకోని వెంకటశేషమ్మ భోరుమన్నది. ఏడస్తానే పక్క మంచం అరవామెకు రెండు వేళ్ళు చూపించి, నాకిద్దరు కూతుళ్ళని చెప్పింది.