రెండో గది ఎలుకలు

ఎలుక పెంటంటే నాకు అసహ్యం లేదు. పదేళ్లకు పైగా దాని మీదే బతుకుతున్నాను. పొద్దున్నే చేతులకు తొడుగులు వేసుకుని, ఒక్కో పంజరంలోంచి ఒక్కో ఎలుకనూ తోక పట్టి ఎత్తి, అది వేసిన ఉండలను పట్టకారుతో ఏరి చిన్న గొట్టాల్లో పెడతాను. గట్టిగా ఉందా, జారుగా ఉందా, నెత్తురు పడిందా అని చూసి మార్కులు వేస్తాను. నా చదువు మొత్తంలో నాకెవరూ అంత శ్రద్ధగా మార్కులు వేయలేదు. తర్వాత చేతులు కడుక్కుని బిస్కెట్లు తింటాను, హాయిగా అరుగుతాయి. కాబట్టి నేను ఛీ అన్నానంటే అది పెంటను చూసి కాదని ముందే తెలుసుకోండి.

మా పరిశోధన పెద్దపేగు వాపు మీద. పేగు లోపలి పొర ఎర్రబడి, పుండై, నెత్తురు కారే జబ్బు అది. మనుషులకు ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు. ఎలుకలకు మాత్రం మేమే తెప్పిస్తాం. తాగే నీళ్లలో ఓ రసాయనం కలిపితే వారం తిరిగేసరికి వాటి పేగు పుండవుతుంది. ఆ పుండును మాన్పే మందు వెతకడం మా ఉద్యోగం. "కడుపుమంట మీద పరిశోధనట! ముందు మన చుట్టాల మీద చెయ్యమనండి" అని మా బావ ఏ పెళ్లికెళ్లినా అదే జోకు వేస్తాడు. మొదటిసారి నేనూ నవ్వాను.

మా అక్కకు ఆ జబ్బుంది. ఊళ్లో ఏ దుకాణం వెనక మరుగుదొడ్డి ఉందో, ఎక్కడ అడిగితే తాళం చెవి ఇస్తారో, ఎక్కడ మొహం మాడ్చుకుంటారో అక్కకు కంఠతా వచ్చు. చేతిసంచిలో ఎప్పుడూ ఒక జత బట్టలుంటాయి. మాత్రలు వేసుకుంటుంది. గుడ్డి కన్నా మెల్ల నయమన్నట్టు అవి ఏదో నెట్టుకొస్తున్నాయి. ఇంకోసారి గట్టిగా తిరగబెట్టిందంటే పెద్దపేగు కోసి తీసేయడం తప్ప దారి లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

ఇక మా పెద్ద ప్రొఫెసర్. మేం చాటుగా ఆయన్ను తడిగుడ్డ అంటాం. తడిగుడ్డతో గొంతు కోయడంలో ఆయన్ను మించినవాడు లేడు. జన్మలో గొంతు పెంచలేదు. నేను రాత్రీ పగలూ కూర్చుని రాసిన వ్యాసం మీద తన మేనల్లుడి పేరు మొదట పెట్టిన రోజు కూడా నా నెత్తి మీద చెయ్యి వేసి, "నీకింకా బోలెడు వయసుంది తల్లీ" అన్నాడు. ఆ చెయ్యి గుర్తొస్తే నాకిప్పటికీ తలస్నానం చేయాలనిపిస్తుంది.

ఆయన కనిపెట్టిన పొడి ఒకటుంది, ఏదో వేరులోంచి తీసింది. అది తిన్న ఎలుకలు రసాయనం తాగినా చెంగుచెంగున గెంతాయి. తిననివి నెత్తురు విరేచనాలతో మూల ముడుచుకున్నాయి. మార్కులు వేసింది నేనే, ఒక్క అబద్ధమూ వేయలేదు. వ్యాసం అచ్చయింది. పేపర్లో ఆయన ఫోటో కూడా పడింది, తెల్ల కోటు, చేతిలో ఎలుక. ఆయన ఎలుకను ముట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. అది కరిచింది కూడా. ఆ ఎలుకంటే నాకు గౌరవం.

ఆ తర్వాత పొడిని మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి వచ్చింది. ఓ ఆదివారం బావ ఫోన్ చేశాడు.

"మరదలా! అక్క పేరు రాయించేశాను!"

"ఎక్కడ బావా?"

"ఎక్కడేంటి, మీ పొడికే! ఇంట్లో ఎలుకల డాక్టరమ్మను పెట్టుకుని ఊరంతా తిరిగాం. చెప్పనేలేదేం నువ్వు?"

"అది మొదలుపెట్టాలంటే పాత మాత్రలు నెల ముందే ఆపేయాలి. ఆ సంగతి తెలుసా?"

"తెలుసులే. ఎలుకలకు పనిచేసింది మీ అక్కకు పనిచేయదా? ఎలుక కన్నా తీసిపోయిందా మీ అక్క?"

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "ఎలుకకు నీలాంటి మొగుడు లేడుగా, అందుకే బాగుపడింది!"

నవ్వి ఫోన్ పెట్టేశాను. అప్పటిదాకా ఆ పొడి నాకో వ్యాసం, ఓ ఫోటో. ఇప్పుడది మా అక్క కడుపులోకి వెళ్తోంది. మాత్రలు ఆపాక ఈ పొడి పనిచేయకపోతే అక్క పేగు దక్కదు. సొంత మనిషి దాకా వస్తే గానీ బుద్ధి వెలగదంటారే, నా సంగతీ అంతే. కూర్చుని మొదటి నుంచీ మళ్లీ చూసుకున్నాను.

మా ల్యాబ్‌లో ఒక పద్ధతుంది, తడిగుడ్డ పెట్టిందే. ఒక గదికి ఒకే మందు. పొడి తినే ఎలుకలన్నీ రెండో గదిలో, తిననివన్నీ మొదటి గదిలో, పుట్టేదీ పెరిగేదీ అక్కడే. పొరపాటున దీని మందు దానికి వేయకుండా ఉండటానికట. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. కానీ ఎలుకలు పెంట తింటాయి. తమదీ తింటాయి, పక్కదానిదీ తింటాయి. అది వాటికి రోగం కాదు, భోజనం. ఒకచోట పుట్టి పెరిగిన ఎలుకలన్నిటి పేగుల్లోనూ అందుకే ఒకే రకం సూక్ష్మజీవులుంటాయి. ఒక గది ఎలుకలది మొండి పేగు అయితే, ఇంకో గదివాటిది ముట్టుకుంటే పుండయ్యే పేగు కావచ్చు. మరి రెండో గది ఎలుకలు బతికింది పొడి వల్లా, పుట్టుకతో వచ్చిన పేగు వల్లా? పెంటతోనే బతికే మేం, ఆ పెంట ఎవరు తింటున్నారో ఆలోచించలేదు.

ఎవరికీ చెప్పకుండా తారుమారు చేశాను. రెండో గది ఎలుకలకు పొడి ఇవ్వలేదు. మొదటి గదివాటికి గొట్టంతో నేరుగా గొంతులో పోశాను. అన్నిటికీ రసాయనం నీళ్లు పెట్టాను. పొడి తినని రెండో గది ఎలుకలు బలాదూర్‌గా తిరిగాయి. పొడి తిన్న మొదటి గది ఎలుకలు చచ్చాయి. కోసి చూస్తే పేగులు నెత్తుటి ముద్దలు. నమ్మలేక ఆ గదుల్లోనే పుట్టిన కొత్త ఎలుకలతో మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

గురువారం పొద్దున్న ఫలితాలు పట్టుకుని తడిగుడ్డ గదికి వెళ్లాను. ఆయన అన్నీ తిప్పి చూశాడు. మొద్దు కాదు, ఆయనకు ఒక్క నిమిషంలో అర్థమైంది. నాకు అది కళ్లలో కనిపించింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చాలా కష్టపడ్డావు తల్లీ. కానీ చూడు, ఈమధ్య మొదటి గదిలో ఏదో అంటురోగం వచ్చినట్టుంది."

"రాలేదు సార్. రోజూ చూసేది నేనేగా."

"వచ్చే ఉంటుంది," అన్నాడు ఎంతో ప్రేమగా. "ఇంతమంది ఆశ పెట్టుకున్నారు. మన దగ్గర పనిచేసేవాళ్ల జీతాలు దీని మీదే నడుస్తున్నాయి. వీటిని పక్కన పెట్టు. తీరిగ్గా చూద్దాం."

"పేషెంట్లు మందులు ఆపేస్తున్నారు సార్."

"పొడి వల్ల హాని లేదుగా."

"మందులు ఆపడం వల్ల ఉంది సార్. మా అక్క కూడా ఆ జాబితాలో ఉంది."

ఆయన మొహం విచ్చుకుంది. దారి దొరికిన మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. "అయ్యో, ముందే చెప్పొద్దూ! అక్కయ్యగారిని తప్పిద్దాం. రక్తం తక్కువుందని రాస్తే సరి, ఎవరూ అడగరు. ఇంకో మాట, ఈ ఏడు పర్మనెంటు పోస్టు వస్తోంది. నేనైతే నిన్ను తప్ప ఎవర్నీ అనుకోలేదు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా దగ్గర పిల్లి తల్లీ అంటూ నిమురుతుంది కూడా. సరే, ఆయన సంగతి వదిలేయండి, ఆయన బతుకే అంత. నేనేం చేశానో చెప్పనా? "థాంక్యూ సార్" అన్నాను. అక్క గట్టెక్కిందన్న సంతోషంతో మెట్లు రెండేసి చొప్పున దిగాను. థూ.

సోమవారం అక్కనూ బావనూ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. పరీక్షకు పేర్లిచ్చినవాళ్లంతా ఆ వరండాలో కుర్చీల్లో ఉన్నారు, ఓ పదిహేనుమంది. మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న కుర్చీ కోసం అక్కా, ఒక కాలేజీ అమ్మాయీ ఒకేసారి పరిగెత్తి, ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. "నువ్వు కూర్చోమ్మా, నేనింకా ఆగగలను" అంది అక్క. క్షణంలో ఇద్దరూ చిన్నప్పటి స్నేహితుల్లా కబుర్లలో పడ్డారు. ఆ అమ్మాయి పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

నేను అక్కను పక్కకు పిలిచాను. "నిన్ను వద్దంటారు లోపల. రక్తం తక్కువని చెబుతారు. నువ్వు గొడవ చేయకు, మాత్రలు మానకు."

"నా రక్తం బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది. పొడి పనిచేయదే. నేను చేసి చూశాను."

బావ పేరు రాయించిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జోకులన్నీ ఎటుపోయాయో. అక్క నా మొహంలోకి చూసింది. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, నా అబద్ధాలు ఎక్కడ దాక్కుంటాయో ఆమెకు తెలుసు.

"మరి ఆ పిల్లకో?" అంది.

నేను గడియారం చూసుకున్నాను.

"అడుగుతున్నది నిన్ను కాదూ? నాకు నువ్వు చెప్పావు. ఆ పిల్లకెవరు చెబుతారు? ఇక్కడ బతకాలంటే ల్యాబ్‌లో చెల్లెలు ఉండాలా?"

"ఉద్యోగం పోతుందే అక్కా."

"పోనీ," అంది అక్క. "ఇలాంటి ఉద్యోగం చేసి మా ఇంటికొచ్చి నా చేతి కూడు తింటావా? నాకు కడుపులో తిప్పుతోంది. ఇది జబ్బు కాదు."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తగలాల్సిందే. వరండా మధ్యకు వెళ్లి నిలబడ్డాను. నేనెవరినో చెప్పాను. పొడి తిన్న ఎలుకలే చచ్చాయని, తిననివి బతికాయని, ముందు చేసిన ప్రయోగం తప్పని, ఎవరూ తమ మాత్రలు ఆపొద్దని, ఆపినవాళ్లు ఇప్పుడే తమ డాక్టర్ను కలవాలని చెప్పాను. బల్ల దగ్గరున్న నర్సు "మేడమ్, మేడమ్" అంటూ లేచింది. ఒక పెద్దాయన "అబద్ధం, పేపర్లో వేశారుగా!" అని నా మీదికి వచ్చాడు. బావ అడ్డం నిలబడ్డాడు.

కాలేజీ అమ్మాయి మాత్రం కదల్లేదు. "మీకెప్పుడు తెలిసిందండీ?" అంది మెల్లగా.

"గురువారం పొద్దున్న. అప్పుడే మా సార్‌కి చూపించాను."

"నేను మాత్రలు ఆపి నెల కావస్తోందండీ. శుక్రవారం బాగా నెత్తురు పడితే భయమేసి ఫోన్ చేశాను. మీ సారే మాట్లాడారు. ఎంత మంచిగా మాట్లాడారో! 'కొంచెం ఓర్చుకో తల్లీ, ఇంక నాలుగు రోజులేగా, పొడి పడితే చేత్తో తీసేసినట్టు తగ్గిపోతుంది' అన్నారు." అని లేవబోయి, లేవలేక, కుర్చీ పట్టుకుంది. కింద నెత్తురు మడుగు కట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు.

నెత్తురు విరేచనం వాసన నాకు కొత్త కాదు. గురువారం తెలిసి శుక్రవారం అలా మాట్లాడిన ఆ గొంతును తలచుకుంటేనే అసహ్యమేసింది. ఛీ, మనిషేనా? అంతకు ముందు రోజు ఆ మనిషికే కదా నేను థాంక్యూ చెప్పాను!

అక్క తన సంచిలోని బట్టలు తీసి ఆ అమ్మాయికి చుట్టింది. నేనూ బావా చెరోవైపూ పట్టుకుని అత్యవసర విభాగానికి నడిపించాం. అక్కడి డాక్టరమ్మ నాడి చూసి, కడుపు నొక్కి చూసి, సర్జన్‌ను పిలవమని గట్టిగా కేకేసింది. ఆ తర్వాత మా వైపు తిరిగింది.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు? మాత్రలు ఎందుకు ఆపారు? ఎవరు ఆపమన్నారు?"

అమ్మాయి కళ్లు మూతలు పడుతున్నాయి. అక్కా, బావా నా వైపు చూశారు.

"మేమే," అన్నాను.

"మేమంటే?"

మా ల్యాబ్ పేరు చెప్పాను. ప్రొఫెసర్ పేరు చెప్పాను. నా పేరు కూడా చెప్పి, మూడూ రాసుకోమన్నాను.