కండె పోగులు

చెల్లి సంచీ సర్దుతున్నాను. రెండు తువ్వాళ్ళు, ఉన్ని మేజోళ్ళు, నీళ్ళ సీసా, ఆసుపత్రి కాగితాలు. పెట్టినవే తీసి మళ్ళీ పెడుతున్నాను.

"సాయంత్రానికి వచ్చేస్తాం కదక్కా. అరవై రెండేళ్ళకి నన్ను అత్తారింటికి పంపుతున్నావా ఏంటి?" అంది, కుట్టు మిషను ముందు నుంచి లేవకుండానే.

"పంపినా రెండో రోజుకే తిప్పి పంపేస్తారు. నీ నోరు అలాంటిది."

నవ్వింది. రొమ్ములో గడ్డకు పన్నెండు డోసుల మందు రాశారు. పదకొండు అయ్యాయి. ఈ రోజు చివరిది. వారం క్రితం తీసిన స్కాన్ సంగతి కూడా ఈ రోజే చెబుతారు. అయినా ఎవరిదో తెల్ల చొక్కాకు చేత్తో కాజాలు కుడుతూ కూర్చుంది.

ఆ తెల్ల బట్ట మీద ఎర్రటి చుక్క కనిపించింది. పక్కనే ఇంకోటి. సూది ఆమె ఎడమ చూపుడు వేలులో దిగి ఉంది. ఆమె కుడుతూనే ఉంది.

"ఏమే, వేలు!"

చూసుకుని సూది లాగేసింది. "కళ్ళజోడు సరిగ్గా ఆనడం లేదు."

"నొప్పి తెలిసేది కళ్ళజోడుకా?"

అప్పుడు చెప్పింది. మూడు వారాలుగా వేళ్ళ కొసలు మొద్దుబారాయట. అరికాళ్ళూ అంతేనట. "డాక్టరమ్మకి చెప్పకు. మందు ఆపేస్తుంది. ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. నా మీద ఒట్టు వెయ్యి."

వేశాను. అలాంటి ఒట్టు నాకు కొత్త కాదు.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా పాత పుస్తకాల కొట్టు చదివించింది. చెల్లి జబ్బు బయటపడ్డాక కొన్న జీవశాస్త్రం పుస్తకంలో, కణం రెండుగా విడిపోయే పేజీ చదివీ చదివీ నలిగిపోయింది. విడిపోవడమంటేనే నాకు దడ. ఆ పేజీలో మాత్రం అది ఎంతో పద్ధతిగా జరుగుతుంది.

"ఇటు చూడు" అని బొత్తాలు జంటలుగా బల్ల మీద పెట్టాను. "ఇవి క్రోమోజోములనుకో. విడిపోయే ముందు కణం ఒక్కోదానికి నకలు తీసి జంట చేస్తుంది. లోపల గుంజల్లా నిలబెట్టుకున్న సన్నటి నాళికలను విప్పేసి, మళ్ళీ రెండు కొసల నుంచి పోగులుగా పేరుస్తుంది. దాన్ని కండె అంటారు."

"నా దారం కండెలాగా?"

"అచ్చం అలాగే. మధ్యలో లావు, కొసల్లో సన్నం. ఆ పోగుల మీద మోటార్ ప్రోటీన్లని కూలీలుంటారు. అడుగు మీద అడుగు వేసుకుంటూ నడుస్తారు. కొందరు జంటలను నెట్టి మధ్య వరసలో నిలబెడతారు. కొందరు కొసల వైపు లాగుతారు. ఇంకొందరు ఎదురెదురు పోగుల మధ్య నిలబడి రెండు కొసలనూ దూరంగా తోస్తారు."

"మేస్త్రీ ఎవరు?"

"ఎవరూ లేరు. అయినా ఒక్క జంటకు రెండు వైపులా పట్టు దొరక్కపోతే చాలు, పనంతా ఆగుతుంది. అన్నిటికీ పట్టు దొరికాకే జంటలు విడతాయి. అప్పుడు పోగులు కరిగి పొట్టివవుతుంటే, ఒక్కోటీ తన వైపుకు చేరుతుంది."

"నీలా కాదన్నమాట. ఎవరినైనా సాగనంపేటప్పుడు నువ్వు బస్సు కదిలినా కిటికీ వదలవు."

"వెక్కిరించకు. నీ మందు ఆ పోగులను బిగదీస్తుంది. పెరగవు, తరగవు. గడ్డలో కణం సగం పనిలో చిక్కుకుని చస్తుంది. మంచిదే. కానీ నరాల్లోనూ అవే నాళికలు, అలాంటి కూలీలే. వెన్ను నుంచి వేలి కొస దాకా సరుకు మోసేది వాళ్ళే. దారి చెడితే ముందు దెబ్బతినేది కొసలే!"

చెల్లి బొత్తాలన్నీ డబ్బాలోకి ఊడ్చేసింది. "ఒట్టు గుర్తుంచుకో."

ఆమె చెప్పులు వేసుకుంటుండగా చొక్కా మడిచి సంచీ అడుగున పెట్టాను.

"ఏమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?" అని అడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

"ఏం లేవండి" అంది చెల్లి.

డాక్టరమ్మ మందు రాయడానికి కలం తీసింది. చొక్కా తీసి బల్ల మీద పరిచాను. "నేను చెప్పనని ఒట్టు వేశానమ్మా. మీరే చూడండి."

చెల్లి చూసిన చూపుకి నేను మాడి మసైపోవాలి.

డాక్టరమ్మ మరకలు చూసింది. చెల్లిని కళ్ళు మూసుకుని ఆ చొక్కా బొత్తం పెట్టమంది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన చేతులు కాజా కోసం తడుముకున్నాయి. బొత్తం దొరికితే కాజా దొరకలేదు, కాజా దొరికితే బొత్తం జారిపోయింది.

"ఈ రోజు మందు ఇవ్వను."

చెల్లి మొహం పాలిపోయింది. "చూశావా" అంది నాతో.

డాక్టరమ్మ స్కాన్ కాగితం మా వైపు తిప్పింది. "గడ్డ స్కాన్‌లో కనిపించడం లేదమ్మా. ఈ ఒక్క డోసు లేకపోయినా నష్టం లేదు. ఆపరేషన్‌కి తారీఖు చూసుకుందాం. దాచి ఇది కూడా ఎక్కించుకుని ఉంటే వేళ్ళు ఇంకా చెడేవి. ఇప్పుడు ఆపేశాం కాబట్టి, నెలలు పట్టినా చాలా వరకు తేరుకోవచ్చు."

బయట బెంచీ మీద కూలబడ్డాం.

"ద్రోహీ" అంది చెల్లి, నా భుజం మీద తల ఆనించి. "మరక పోకపోతే నీ పని చెబుతా."

"చల్లనీళ్ళలో నానబెడతాలే."

"మిగతా కాజాలు నువ్వే కుట్టాలి."

"నేను కుడితే నీ గిరాకీలు పారిపోతారే."

ఇద్దరం నవ్వుతుంటే అటుగా వెళుతున్న నర్సు ఆగి చూసింది.

ఇంటికొచ్చి సంచీ ఖాళీ చేశాను. తువ్వాళ్ళ మడతలు కూడా విప్పాల్సిన పని పడలేదు. చొక్కా నీళ్ళలో వేశాను.

మా పెద్దక్క కూడా తన రొమ్ములో గడ్డ సంగతి ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఏడాది పాటు నేను చెప్పలేదు. 1979 జూన్ 12, మంగళవారం నేను సర్దిన సంచీతోనే ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.