వల లాగే పాట

యారాడ ఒడ్డున, సముద్రంలో చుట్టి వేసిన అలివి వలని ఒడ్డుకి లాగేవాళ్ళ చేతులు కలిసేలా పాట పాడే నూకాలుకి గొంతు పోయింది. మాట్లాడితే గుసగుసలాడినట్టే ఉంటుంది. ఆయన కోడలు, తొమ్మిదో తరగతిలో బడి మానేసిన అనూరాధ, "నాను పాట కడతాను మావా" అంది. ముచ్చటపడి కట్టింది.

"నీలి నీలి అలలారా, మెల్లమెల్లగా రారే..."

వినడానికి బాగానే ఉంది. లాగేవాళ్ళ చేతులే సడలిపోయాయి. ఒకడు ముందు లాగితే ఇంకొకడు వెనక లాగాడు. తాడు జారి, వల నోరు విచ్చుకుని, చేపలన్నీ వచ్చిన దారినే పోయాయి.

"ఏటొదినా, మమ్మల్ని పడుకోబెడదామనా?" అన్నాడు మరిది కోటి. "రేపు నా బ్లూటూత్ డబ్బా తెత్తాను. సినిమా పాటలకి లాగీద్దుం."

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. తన తర్వాత ఈ ఒడ్డున డబ్బా పాడుతుందన్న మాట ఆయనకి మింగుడుపడలేదు.

"రేపొక్క పాలి కోడల్నే పాడనీండిరా" అన్నాడు, ఆ గుసగుసతోనే.

మధ్యాహ్నం అనూరాధ తన చంటిపిల్లని ఒళ్ళో వేసుకుంది. నిన్నట్నించి పిల్ల పాలు సరిగ్గా తాగడంలేదు. ఒళ్ళు వెచ్చబడిందేమోనని మాటిమాటికీ నుదురు ముట్టి చూస్తోంది. పిల్ల ఆమె వేలు బిగించి పట్టుకుంది. దిగులు మరుద్దామని ఆ పాటే తీసింది. నాలుగుసార్లు పాడేసరికి పిల్లకి నిద్ర పట్టి గుప్పిట విచ్చుకుంది. వేలు జారిపోయింది.

ఆ వేలునే చూస్తూ ఉండిపోయింది. పొద్దున తాడు జారిందీ ఇలాగే! ఆ 'లా'లూ 'లీ'లూ నాలుక మీద నిలవవు, జోకొట్టి పోతాయి. నోట్లో తగిలి ఆగే మాట కావాలి. 'లాగు' అని చూసింది. వదులు. 'పట్టు' అంది. నాలుక అంగిట్లో తన్ని ఆగింది, కాలు ఇసకలో నాటుకున్నట్టు.

"గట్టిగట్టి తాడు పట్టు! గట్టు దిక్కు అడుగు పెట్టు!"

పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. అత్త గంగాలమ్మ లోపల్నించి పరిగెత్తుకొచ్చింది.

"పడుకున్న పిల్లని లేపీసినావేటే!"

"లేచిందా అత్తా? ఐతే పాట కుదిరినట్టే."

మర్నాడు పొద్దున్నే పిల్లని అత్త చేతికిచ్చి, వెనక్కి చూస్తే కాళ్ళు ఆగిపోతాయని చూడకుండా తాడు దగ్గరికి నడిచింది. అల ఒడ్డుకొచ్చే వేళకి "పట్టు" అంది. పాదాలన్నీ ఒక్కసారే ఇసకలో దిగాయి. అల వెనక్కి పోయేటప్పుడు తాడు నిలిపి ఊపిరి తీసుకోవాలి. అక్కడ తన పాత పాటలోని ముక్కే పెట్టింది, "మెల్లమెల్లగా రారే" అని. మళ్ళీ అల. "పట్టు!"

తాడు కదిలింది. కోటి డబ్బా ఇసకలో పడుంది. నొక్కడానికి ఏ చెయ్యీ ఖాళీ లేదు.

"ఆపకొదినా!" అని అరిచాడు కోటి.

దూరంగా పిల్ల ఏడుపు వినిపించింది. గుండె అటు లాగింది. వల ఇంకా లోపలే ఉంది. అనూరాధ గొంతు పెంచింది.