గీసినోడే తుడువాలె

కంప్యూటర్లో అన్నిటికీ అడుగున ఉండి బరువు మోసే కెర్నెల్‌లో సందులు వెతికి పూడ్చడం నా పని. మా కాలనీ వాళ్ల లెక్కలో మాత్రం నేను రిపేర్ల పిల్లను. పాడైన టీవీ రిమోట్లు కూడా తెచ్చిస్తారు. నా పనేమిటో నిజంగా తెలుసుకోవాలనుకున్నది మా బాపు ఒక్కడే. అదే కొంప ముంచింది.

బాపు పేరు లక్ష్మీరాజం. బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. మిగతావాళ్ల కంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైబండను కొట్టి చూడటం ఆయన పని. బండ డొల్లగా మోగితే ఆ దారి మొదట్లో సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీసి, ఎవరూ రావద్దని అరిచేవాడు. కింద మొద్దులు నిలబెట్టాక మళ్లీ తనే కొట్టి చూసి, ఆ గుర్తు తుడిచేసేవాడు. గీసినోడే తుడువాలె అని ఆయన పట్టు. రిటైరయ్యాక కూడా అంగీ జేబులో సుద్దముక్క ఉండేది. అవ్వ ఉతికినప్పుడల్లా మొగుణ్ని తిట్టేది.

ఒకసారి ఆయన సెలవులో ఉండగా, టింబర్ మొద్దులు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని అప్పటి మేనేజరు ఒక డొల్లబండ సంగతి దాచాడు. దాని కింద బాపు దోస్తు కొమురెల్లి పోయాడు.

ఊపిరితిత్తులు చెడి బాపు కరీంనగర్‌లో ఒక దవాఖానాలో ఉన్నప్పుడు, మంచం పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తుండేదాన్ని.

"ఏంది బిడ్డా, గంత పరేషానున్నవ్?" అన్నాడు ఒక సాయంత్రం.

కెర్నెల్‌లో సందు దొరికిందని, మామూలు లాగిన్‌తో వచ్చినవాడు అందులోంచి దూరి మిషన్ మొత్తానికీ యజమాని అయి కూర్చోగలడని, దాన్ని పూడ్చే ప్యాచ్ రాస్తున్నామని చెప్పాను.

"అంటే బండ డొల్లగున్నదన్నట్టు. అందరికి జెప్పినవా మరి?"

"జెప్పద్దు బాపూ. ప్యాచ్ తయారై, అన్ని కంపెనీలు ఒక్కనాడే బయటవెట్టేదాక నోరిప్పనని మాటిచ్చిన."

"గీ దవాఖాన మిషన్లకు సుత ఉన్నదా గది?"

"ఉన్నది."

"ఎరుకుండి సప్పుడు జెయ్యకుంట కూసున్నవా?"

"బండ దొంగ గాదు బాపూ. ఈడ నేనొర్లితే ముందుగాల దొంగకే ఇనవడ్తది."

"కొమురెల్లిని జంపిన మేనేజరు సుత గిట్లనే ఏందో జెప్పిండు" అని గోడవైపు తిరిగాడు.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మంచినీళ్లు కావాలన్నా అవ్వతోనే అడిగించేవాడు. నాకు మాత్రం రోషం తక్కువా? ఆయన బిడ్డనే కదా. ప్యాచ్ బయటపెట్టే తారీఖు రానీ, అన్నీ విడమరచి చెప్పి ఒప్పిస్తాను అనుకున్నాను. తారీఖు కంటే ముందే బాపు పోయాడు. పోయాడన్న బాధ కంటే, నన్ను ఆ మేనేజరుతో జమకట్టి పోయాడన్న బాధే నన్ను ఎక్కువ కోసింది.

దినాలైన మర్నాడు పొద్దున ప్యాచ్ బయటికొచ్చింది. ఆ దవాఖానాలో కంప్యూటర్లు చూసే ఎబినేజర్‌కు వెంటనే ఫోన్ చేశాను. వార్డులో నాకు వైఫై ఇప్పించింది అతనే.

"అన్నా, కెర్నెల్ అప్‌డేట్ వచ్చింది. గిప్పుడే ఎక్కించి మిషన్లు రీస్టార్ట్ చెయ్యి. జర జల్ది."

"మీ బాపు జెప్పింది గిదేనా చెల్లె?"

"బాపా? ఏం జెప్పిండు?"

"ఒకనాడు నువ్వు బయటికి వోయినప్పుడు, ముక్కుకున్న గొట్టం దీసేసి, గోడ వట్టుకుంట నా రూము కాడికొచ్చిండు. తలుపు మీద సుద్దతోని ఇంటూ గీసిండు. గిదేంది పెద్దబాపూ అంటే, 'లోపట డొల్లగున్నది. ఏందో నాకు తెల్వది, నా బిడ్డకెరుకే. దాన్నడగకు. మాటిచ్చింది, సచ్చినా జెప్పది. అది బాగుజేసేదాక నువ్వు పైలం' అన్నడు. గప్పటిసంది పేషెంట్ల వివరాలన్నీ దినాం వేరే కాపీ దీసి పెడుతున్న. నీకు జెప్పలేదా?"

నాకు ఏడుపు ఆగలేదు.

"ఊడ్చేటామె తుడుస్తనంటే నేనే వద్దన్న చెల్లె. గీసినోడే తుడువాలెనట గదా."

"నేనొస్తున్న" అన్నాను.

నేను చేరేసరికి తలుపు మూసి ఉంది. గుర్తు నా భుజమంత ఎత్తులో ఉంది. ఒక గీత తిన్నగా ఉంది. రెండోది మధ్యలో తెగి, కొంచెం కిందనుంచి మళ్లీ మొదలైంది. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నట్టున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి నా బదులు ఇంతదూరం నడిచొచ్చాడు. నేను ఆ మంచం పక్కనే కూర్చుని కూడా ఒక్కసారి బాపూ అని పిలవలేదు.

ఎబినేజర్ తలుపు తీశాడు.

"అన్ని మిషన్లు మంచిగ లేసినయా అన్నా?"

"లేసినయ్. అప్‌డేట్ ఎక్కింది."

ప్రమాదం పోయాక కూడా గుర్తు ఉంచితే రేపటి గుర్తును ఎవరూ నమ్మరనేవాడు బాపు. కుడి అరచేత్తో తుడిచాను. రెండు గీతలూ పోయాయి.

తిరుగు బస్సులో ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కోసం ఎడమచేత్తో ఆధార్ కార్డు చూపించాను. "కుడిచెయ్యి లేదామ్మా నీకు?" అని కసిరింది కండక్టరమ్మ. ఉంది. సుద్ద రాలకుండా పిడికిలి బిగించి ఉంది. ఇల్లు చేరేదాకా విప్పలేదు.