అత్తమ్మకు షుగరు తగ్గింది

మిక్సీ రొదలో చపాతీ కర్ర చప్పుడు వినపడదు. అందుకే ముందు మిక్సీ వేసి, తర్వాత మాత్ర నలుపుతాను. మూడు నెలలుగా నా పొద్దు ఇలాగే మొదలవుతోంది. షుగరుకు నాటు మందుగా వాడే ఎండిన పొడపత్రి ఆకు పొడి ఒక చెంచా, డాక్టరు రాసిన షుగరు మాత్ర ఒకటి, గోరువెచ్చని నీళ్లు. మా అత్తమ్మ అండాలమ్మ ఆ చేదును కళ్లు మూసుకుని గటగటా తాగేస్తుంది. "ఇంగ్లీషు మందులు కిడ్నీలు ఖరాబ్ చేస్తయి, నేను ముట్ట" అని ఆమె పట్టు. కాలి మీద పుండేమో మానదు. ఇలాగే వదిలేస్తే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పారు. నా భర్త నగేశ్, ఎల్బీ నగర్‌లో తన ప్లాట్ల ఆఫీసుకు పోతూ చెప్పులేసుకుంటూ ఒక్క మాట అన్నాడు: "నువ్వే ఎట్లనో అట్ల చూస్కో." ఎట్లనో అట్ల చూసుకున్నాను.

రోజూ వేలికి సూది గుచ్చింది నేను. పుండు కడిగింది నేను. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టి తిట్లు తిన్నదీ నేనే. షుగరు మూడు నెలల సగటు పరీక్షలో పదిన్నర కాస్తా ఏడున్నరకు దిగింది, పుండు మానింది. ఆ కాగితం చూసి ఇంట్లో పండగ. "చూసిన్రా, మా తుర్కయంజాల్ ఊరి ఆకు అంటే ఏమనుకున్నరు!" అంది అత్తమ్మ. "మీ ల్యాబుల ఇన్నేండ్ల సంది ఎలుకలకు తాపవడ్తిరి, ఏం తేల్చిన్రు? మా అమ్మ మూడు నెలల్ల తేల్చింది," అన్నాడు నగేశ్. నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

నేను పనిచేసేది అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబులో. మా ఇంట్లో దాని పేరు ఎలుకల నౌకరి. అక్కడ మేం పరీక్షిస్తున్నదీ పొడపత్రినే. షుగరు తెప్పించిన ఎలుకల్లో ఒక గుంపుకు ఉత్త నీళ్లు, ఇంకో గుంపుకు మాత్ర, మరో గుంపుకు ఆకు రసం. ఒక గుంపుది ఇంకో గుంపుకు పోకూడదు. ఆకు కొంత తగ్గించిన మాట నిజం, మాత్ర తగ్గించినంత కాదు. ఎలుకల్లో తగ్గింది కాబట్టి మనుషుల్లోనూ తగ్గుతుందని చెప్పడానికీ లేదు. రెండూ కలిపి తాగించి ఘనతంతా ఆకుదేనని రాస్తే మా ల్యాబు మేడమ్ ఆ కాగితాలు చింపి నా చేతిలో పెట్టేవారు. ఇంట్లో మాత్రం నేను సరిగ్గా అదే చేశాను.

నగేశ్ ఊరుకునే రకం కాదు. 'అండాలమ్మ షుగర్ పొడి' అని ప్యాకెట్లు వేయించి, మా దిల్‌సుఖ్‌నగర్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇంటింటికీ పంచాడు. ఆ పొడి ఆరబెట్టింది, జల్లించింది, ప్యాకెట్లకు నింపింది ఎవరో చెప్పక్కర్లేదు. వాటిలో ఉత్త ఆకే. ఆదివారం పొద్దున నా ముందు ఒక కాగితం పెట్టాడు. "ల్యాబుల చూసిన, షుగరు తగ్గిందని రాసి సంతకం పెట్టు. ఎల్లుండి చైతన్యపురిల పెద్దగ అమ్ముడు షురూ చేస్తున్న. నీ నౌకరి ఇప్పుడన్న పనికొస్తది." ఒళ్లు మండింది. అయినా "సాయంత్రం చూస్త" అని పెన్ను మూత పెట్టాను. నిజం చెబితే అత్తమ్మ మళ్లీ మాత్ర ముట్టదు, మొగుడు నన్ను ఆమె మందుల జోలికి పోనివ్వడు. ఆ భయంతోనే మూడు నెలలు గడిపాను.

పది గంటలకు పైఅంతస్తు బాపిరాజు మాస్టారు తలుపు తట్టారు. భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన మనిషి.

"అమ్మాయ్ జ్యోతికా, ఇంకో ప్యాకెట్ ఇవ్వమ్మా. మీ పొడి మొదలెట్టాక మాత్రలు మానేశాను, పది రోజులైంది. కాస్త దాహం, నీరసం. పొడి పనిచేస్తున్నట్టే కదా?"

పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. కూర్చోబెట్టి వేలికి గుచ్చాను. నాలుగు వందల ముప్ఫై ఎనిమిది.

"ఎందుకు మానేసిన్రు సార్? ఎవరు చెప్పిన్రు?"

"నువ్వు ల్యాబులో చూశావని మీ అత్తగారు చెప్పారమ్మా. లేకపోతే నాకంత ధైర్యం ఎక్కడిది?"

 ఆయన భార్య కృష్ణమ్మగారిని పిలిచి, ఇద్దరినీ ఆటో ఎక్కించి దవాఖానకు పంపాను. ఇంకెంతమంది మానేశారో? పైకి వచ్చి ఫోన్ తీసి, కాలనీ గ్రూపులో వాయిస్ మెసేజ్ మొదలుపెట్టాను.

"పొడి తాగి మాత్రలు బంద్ చేసినోళ్లు ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోన్రి. మా అత్తమ్మకు షుగరు తగ్గింది ఉత్త ఆకుతోని కాదు. రోజూ అండ్ల డాక్టరు రాసిన మాత్ర కలిపిన. తప్పు నాది."

"పిచ్చి లేసిందా నీకు? ఇజ్జత్ పోతది, తీసెయ్!" నగేశ్ చెయ్యి నా ఫోన్ మీదికి వచ్చింది. అప్పటికే పంపేశాను. అతను సంతకం పెట్టమన్న కాగితం నలిపి నా కాళ్ల దగ్గర కొట్టాడు.

వంటింటి గడపలో అత్తమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది.

"మూడు నెలల సంది నా నోట్ల ఏం పోస్తున్నవో నాకే చెప్పకపోతివి బిడ్డా," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

పెళ్లయ్యాక ఉద్యోగం చెయ్యాలా వద్దా, కాన్పు తర్వాత పిల్లలు కాకుండా ఆపరేషన్ ఎప్పుడు, ఈ ఇంట్లో అన్నీ నన్ను అడగకుండానే మాట్లాడుకున్నారు. నేను ఎంత ఏడ్చానో నాకు తెలుసు. మంచికే కావచ్చు, కాలి వేలు దక్కించడానికే కావచ్చు, నేనూ ఆమెకు అదే చేశాను. సిగ్గనిపించింది. దగ్గరికి వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాను.

"తప్పయింది అత్తమ్మా. ఇయ్యాల్టి సంది మీకు తెల్వకుండ ఏం కలప. మాత్ర ఎందుకో చెప్త, మానితే ఏమైతదో చెప్త. మీకేం కావాలె?"

"అమ్మకు గీ మాత్రలు గీత్రలు ఏం వద్దు..." అని నగేశ్ అందుకున్నాడు.

పదమూడేళ్ల కాపురంలో అతని మాటకు మొదటిసారి అడ్డం పడ్డాను.

"మిమ్మల్ని కాదు. అత్తమ్మను అడిగిన."