పదిహేడు యూనిట్లు

బహుమతి వచ్చిందంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. కళ్ళజోడమ్మకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆదివారం పొద్దున్నే మునిసిపాలిటీ గుమాస్తా, కరెంటాఫీసు ఉద్యోగి కలిసి ఆమె ఇంటికి వచ్చారు. ఆ రెండు ఆఫీసుల వాళ్ళూ కలిసి రావడమే ఒక వింత. మామూలుగా వాళ్ళకి క్షణం పడదు, రోడ్డు తవ్వింది మీరంటే మీరని ఏడాది పొడుగునా కొట్టుకుంటారు. ఈసారి ఏం పుట్టిందో, చెట్టపట్టాలు వేసుకుని ‘ఇంటింటా పొదుపు’ అని ఒక పథకం పెట్టారు. ఊళ్ళో ఎవరు తక్కువ కరెంటు వాడితే వాళ్ళకి సన్మానం.

“ఊరు మొత్తంలో మీరే ఫస్టండీ! నెలకి పదిహేడు యూనిట్లు! మా కంప్యూటరే నమ్మలేదు,” అన్నాడు కరెంటాఫీసు ఉద్యోగి, తన ఇంట్లో పెళ్ళి కుదిరినంత సంబరంగా.

బుధవారం పదకొండింటికి చైర్మన్ గారు స్వయంగా వస్తారట. ఇల్లంతా తిరిగి చూస్తారట. ఫోటో తీసి, వచ్చే నెల ప్రతి ఇంటి కరెంటు బిల్లు వెనకాలా అచ్చు వేస్తారట. బహుమతి కొత్త ఫ్రిజ్జు. కరెంటు ఆదా చేసినందుకు కరెంటు తినే సామాను ఇవ్వాలని ఏ బుర్రకు తట్టిందో గానీ, ఆ బుర్రకు దండం పెట్టాలి.

“నాకేం వద్దండీ,” అంది కళ్ళజోడమ్మ.

“భలేవారే! వద్దంటే ఎలాగండీ? లిస్టులో పేరెక్కిపోయింది,” అని గుమాస్తా నవ్వి, కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు గడియ వేసి, వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ తలుపు చాటున, ఊపిరి బిగపట్టుకుని, గోడకు అతుక్కుపోయి ఆమె చెల్లెలు నిలబడి ఉంది.

“ఎవరక్కా? ఏమంటారు?” అంది చెల్లెలు, కుడి చెవి ముందుకు పెట్టి. ఎడమ చెవి వినపడదు. మొగుడు కొట్టిన దెబ్బకు కర్ణభేరి పగిలింది.

ఈ ఇంట్లో చెల్లెలు ఉన్న సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఐదు నెలల క్రితం, తెల్లవారుజామున చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి ఈ గుమ్మంలో పడింది. మళ్ళీ దొరికితే చంపేస్తానన్నాడు మొగుడు. ఉత్తుత్తి బెదిరింపులకు భయపడే రకం కాదు చెల్లెలు. వాడు అన్నంత పనీ చేస్తాడని ఆ చెవే సాక్ష్యం. అంతకుముందు, చెవి పగిలినప్పుడు, అక్కాచెల్లెళ్ళు ఒకసారి స్టేషన్‌కి కూడా వెళ్ళారు. అక్కడి పెద్దాయన టీ ఇప్పించి, ఆలుమగలన్నాక ఇవన్నీ మామూలే, సర్దుకుపొమ్మని నీతులు చెప్పి పంపించాడు. ఆ టీ ఆయన మొహాన కొట్టాల్సింది.

ఆ మొగుడి ఉద్యోగం మీటర్లు చూడటం. ఊరికి అవతలి వైపు వీధుల్లో ఇంటింటికీ తిరిగి రీడింగు రాసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో గొప్పలు పోయేవాడు. “మీటరు చూశానంటే చాలు, ఆ ఇంట్లో ఎంతమందున్నారో, ఎప్పుడు లేచారో, ఎప్పుడు పడుకున్నారో చెప్పేస్తా. మనిషి అబద్ధం ఆడతాడేమో గానీ మీటరు ఆడదు,” అనేవాడు. అప్పుడు వదిన హోదాలో కళ్ళజోడమ్మ నవ్వుతూ వినేది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ముచ్చెమటలు పోస్తున్నాయి.

కళ్ళజోడమ్మ కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అద్దాలు ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగించడం ఆమె పని. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఏడుకు వస్తుంది. ఆ పది గంటలూ ఇంట్లో మీటరు తిరిగితే ఇంకో మనిషి ఉన్నట్టేగా! ఈ వీధి రీడింగులైనా ఆఫీసులో వాడి కంటపడకుండా పోవు. అందుకని చెల్లెలు పగలంతా స్విచ్చు ముట్టుకోదు. రేకుల కప్పు కింద, మండు వేసవిలో, ఫ్యాను లేకుండా, తడిగుడ్డ కప్పుకుని వెనక గదిలో మంచం మీద పడుకుంటుంది. ఫ్రిజ్జు ఆపేసి అందులో బట్టలు సర్దుకున్నారు. సాయంత్రమైతే ముందు గదిలో ఒకే ఒక్క బల్బు. వసారాలో మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, కరెంటు వాడుతున్న కొద్దీ మినుకుమంటుంది. అది ఎంత నెమ్మదిగా మినుకుమంటే ఆ ఇద్దరికీ అంత ధైర్యం. అలా చచ్చీచెడీ దాక్కుంటే, ఊరంతా పిలిచి సన్మానం చేస్తానంటోంది!

“బిల్లు వెనకాల ఇల్లు అచ్చేస్తారే. వాడి ఇంటికీ వెళ్తుందే ఆ బిల్లు. వాడి చూపు ఇటు తిరుగుతుందే,” అంది అక్క.

చెల్లెలు కింద కూర్చుని మోకాళ్ళు గట్టిగా పట్టుకుంది.

మూడు రోజులూ తర్జనభర్జన పడ్డారు. బయటికి పంపిద్దామంటే, ఎదురింటి పిన్ని తెల్లారేసరికి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆవిడ కంటపడకుండా వీధిలో కుక్కపిల్ల కూడా దాటలేదు. చివరికి వెనక గదికి ఆనుకున్న సామాన్ల గది ఖాయం చేశారు. చెల్లెల్ని లోపల పెట్టి బయట తాళం వేసేయాలి. అడిగితే, అది ఇంటి ఓనరు సామాను, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉందని చెప్పాలి.

బుధవారం వాళ్ళు పదకొండంటే పదిన్నరకే ఊడిపడ్డారు. వీధి చివర కారు హారన్లు విని కళ్ళజోడమ్మ వెనక గదిలోకి పరిగెత్తింది. చెల్లెలు గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. వినపడే చెవి దిండులో ఉంది. హారన్లు ఎలా వినపడతాయి పాపం! అక్క భుజం పట్టి కుదిపి లేపి, సామాన్ల గదిలోకి తోసి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. దుప్పటి సర్దడానికి కూడా వ్యవధి లేకపోయింది. అప్పటికే తలుపు బాదుతున్నారు.

తలుపు తీసేసరికి వసారా నిండా జనం. చైర్మన్ గారు, గుమాస్తా, ఫోటోగ్రాఫరు, వీధిలో సగంమంది. వాళ్ళను తోసుకుంటూ కరెంటాఫీసు ఇంజనీరమ్మ లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, చేతిలో లావుపాటి ఫోను లాంటి కెమెరా ఒకటి.

“దీన్లో వేడి కనిపిస్తుందమ్మా. ఎక్కడ వేడిగా ఉంటే అక్కడ ఎర్రగా కనపడుతుంది. కరెంటు తినే సామాను ఏదైనా నడుస్తుంటే ఇట్టే దొరికిపోతుంది,” అంటూ ఆవిడ ముందు గది, వంటగది చకచకా చూసి వెనక గదిలోకి నడిచింది. కళ్ళజోడమ్మ వెనకే పరిగెత్తింది.

ఇంజనీరమ్మ కెమెరాను మంచం వైపు తిప్పి ఆగిపోయింది.

తెర మీద మంచం అంతా నీలంగా ఉంది. ఆ నీలం మధ్యలో, నారింజ రంగులో, ఒక మనిషి. తల, భుజం, ముడుచుకున్న మోకాళ్ళు. కాసేపటి క్రితం లేచి వెళ్ళిన ఒంటి వేడి అలాగే పరుపు మీద ఉండిపోయింది. కళ్ళజోడమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“నేనేనండీ... ఇందాకటిదాకా నడుం వాల్చాను,” అంది.

ఇంజనీరమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఇస్త్రీ మడత నలగని గంజి చీర. తర్వాత తాళం వేసిన తలుపును చూసింది. అప్పుడావిడ కెమెరాను గోడ వైపు తిప్పి, బయటికి వినపడేలా, “ఇక్కడేం లేదు, అంతా చల్లగానే ఉంది,” అంది. ఆ పైన గొంతు తగ్గించి, “ఎవరమ్మా లోపల?” అని అడిగింది.

కళ్ళజోడమ్మ నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే వసారాలోంచి ఒక మగ గొంతు గట్టిగా వినపడింది.

“మీటరు సరిగ్గానే ఉంది సార్! పదిహేడే!”

ఆ గొంతు ఆమె ఎరుగును, చెల్లెలి మొగుడిది. వాడు రెండుసార్లు షాపుకు వచ్చి, కళ్ళు పరీక్ష చేయించుకుని, “వదినా, చెల్లెలి కబురేమైనా తెలిసిందా?” అని తియ్యగా అడిగి వెళ్ళాడు.

కళ్ళజోడమ్మ వసారాలోకి వచ్చింది. మరిది నిలబడి ఉన్నాడు, చంకలో పుస్తకం, చేతిలో పెన్ను. లాలూచీ లేకుండా ఉండాలని, ఈ వీధి రీడరును పక్కన పెట్టి అవతలి వార్డు వాణ్ణి తెచ్చుకున్నారట తనిఖీకి. ఎంత నిజాయితీ! తగలెయ్యాలి ఆ నిజాయితీని.

“అరెరె, మా వదినగారిల్లే ఇది! చైర్మన్ గారూ, స్వయానా మా వదిన,” అన్నాడు వాడు, దండం పెడుతూ. జనం చప్పట్లు కొట్టారు. వాడు పుస్తకం తెరిచి, పాఠం చదివినట్టు చదివాడు. “డెబ్భై ఒకటి. డెబ్భై. డెబ్భై రెండు. ఏడాది పొడుగునా అంతే. తర్వాత ముప్ఫై, ఇరవై ఒకటి, పంతొమ్మిది, పద్దెనిమిది, పదిహేడు. ఐదు నెలల నుంచీ సార్.” పుస్తకం మూసి ఆమె కళ్ళలోకి చూశాడు. “ఐదు నెలల క్రితం ఏమైంది వదినా?”

అప్పుడు తెలిసింది కళ్ళజోడమ్మకు, తామిద్దరూ చేసిన తప్పేమిటో. ఎక్కువ వాడితే దొరికిపోతామని వణికారే గానీ, ఇంత తక్కువ వాడితే వాడికి తెలిసిపోతుందని ఊహించలేదు. ఒంటరిగా, నిశ్చింతగా బతికే మనిషి ఎండాకాలంలో ఫ్యాను ఎందుకు ఆపుకుంటుంది? మీటరు నిజంగానే అబద్ధం ఆడలేదు.

“అవునమ్మా, ఆ రహస్యం ఊరందరికీ చెప్పండి! ఏం చేశారు?” అన్నారు చైర్మన్ గారు ఉత్సాహంగా. ఫోటోగ్రాఫరు ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు.

“వైరింగు కూడా ఓసారి చూసొస్తాను సార్,” అని మరిది ఎవరి జవాబు కోసమూ ఆగకుండా లోపలికి నడిచాడు. వెనక గదిలో తాళం కదిలించిన చప్పుడైంది. “దీని తాళంచెవేది వదినా?”

లోపలున్న పిచ్చిది ఆ గొంతు విందో లేదో. వింటే అరుస్తుంది, వినకపోతే తాళం కదిపింది అక్కే అనుకుని పలుకుతుంది. ఇంకో అరగంటలో వీళ్ళంతా ఫ్రిజ్జు దింపి వెళ్ళిపోతారు. రేపో ఎల్లుండో వాడు ఒక్కడూ వస్తాడు. అప్పుడు ఈ ఇంట్లో ఉండేది తామిద్దరే. ఇప్పుడు నలభైమంది ఉన్నారు.

“చెప్తాను,” అంది కళ్ళజోడమ్మ. “మా చెల్లెలు ఐదు నెలలుగా ఈ ఇంట్లోనే ఉంది. ఈ మనిషి దాని మొగుడు. దాని చెవి పగలగొట్టాడు, దొరికితే చంపుతానన్నాడు. వీడు మీటరు చూసి కనిపెడతాడని లైటు వెయ్యలేదు, ఫ్యాను వెయ్యలేదు. మా పొదుపు ఇదీ. మీకు ఫోటో కావాలంటే ముందు వీడిది తియ్యండి!”

వెనక గదిలోంచి మరిది నవ్వుతూ వచ్చాడు. “ఇంటి గొడవలు సార్. ఆడవాళ్ళు కదా, గోరంతలు కొండంతలు చేస్తారు.”

“అవునవును, ఇంటి సంగతులు ఇక్కడెందుకమ్మా...” అని చైర్మన్ గారు నసిగారు.

వాడి వెనకే వచ్చిన ఇంజనీరమ్మ ఎదురుగా నిలబడి చెయ్యి చాచింది. “ఆ పుస్తకం ఇలా ఇవ్వు. గేటు బయటికి వెళ్ళి నిలబడు. నేను చెప్పేదాకా ఏ మీటరూ ముట్టుకోవద్దు. ఫోటోగ్రాఫరు గారూ, ఆపకండి, తీస్తూనే ఉండండి.”

వాడి మొహంలో నవ్వు పోయింది. పై అధికారి అయిపోయె, ఇవ్వక చస్తాడా. పుస్తకం ఇచ్చి గేటు దాకా వెళ్ళాడు. వెళ్ళిపోలేదు. అక్కడే నిలబడి కిటికీల వైపు చూస్తున్నాడు.

కళ్ళజోడమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. తలుపు తెరుచుకున్నాక, చెమటతో తడిసి ముద్దయిన చెల్లెలు వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ అక్క చెయ్యి పట్టుకుని వసారాలోకి వచ్చింది. అంతమంది జనాన్ని చూసి వెనక్కి లాగింది. అక్క వదల్లేదు.

గేటు దగ్గర మొగుణ్ణి చూడగానే చెల్లెలి మొహం తెల్లగా పాలిపోయింది. అప్పుడు ఎదురింటి పిన్ని, ఎవరూ అడగకుండానే, తన కుర్చీ ఈడ్చుకుంటూ వీధి దాటి వచ్చి సరిగ్గా వాడికీ గేటుకీ మధ్య వేసుకుని కూర్చుంది. “ఎండగా ఉంది నాయనా, పక్కకి జరుగు,” అంది వాడితో. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. రెండే.

ఇవాళ జరిగాడు. రేపటి మాటేమిటో కళ్ళజోడమ్మకు తెలియదు. భయం ఎక్కడికీ పోలేదు.

చెల్లెలు ఆమె చెవి దగ్గరగా వంగింది.

“అక్కా, ఫ్యాను వేసుకోనా?”

కళ్ళజోడమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. లోపలికి వెళ్ళి ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఒక్కొక్కటే వేసింది. వసారాలో మీటరు మీది ఎర్ర లైటు గబగబా మినుకుమనడం మొదలుపెట్టింది. గేటు అవతల నిలబడి వాడు దాన్నే చూస్తున్నాడు.